చలికాలంలో ప్రాగ్ రాజమార్గం: పొద్దు చూసుకుంటూ, కాలు చూసుకుంటూ నడిచే దారి

డిసెంబరు నెలాఖరున చెక్ రాజధాని ప్రాగ్‌లో సూర్యుడు ఉదయం 8 గంటలకు పైకొచ్చి, సాయంత్రం 4 గంటలకు దిగిపోతాడు. మిట్టమధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు. దక్షిణాన 16 డిగ్రీల ఎత్తులోనే నిలబడి, మన ఊళ్లో పొద్దు పొడిచిన గంటకు ఉన్నట్టు కనిపిస్తాడు. 15 మీటర్ల ఎత్తున్న ఇంటి నీడ మిట్టమధ్యాహ్నం కూడా 50 మీటర్లు పరుచుకుంటుంది. పాతనగరం వీధులేమో 10 మీటర్ల వెడల్పు కూడా ఉండవు. అందుకే రాత్రి తడిసిన రాయి పగలంతా ఆరదు, ఉదయం గట్టిపడిన మంచు సాయంత్రానికీ కరగదు.

చలికాలపు నడకను నిర్ణయించేవి ఈ రెండే: పొద్దు ఎంత మిగిలింది, కాలి కింద ఏముంది. చలికి బట్టలున్నాయి. పొద్దు జారిపోతే దానికి మందు లేదు. ఈ దారి చివరన ఉన్న కోట లోపలి భవనాలను నవంబరు నుంచి మార్చి వరకు సాయంత్రం 4 గంటలకే మూసేస్తారు. పాతనగరంలో మధ్యాహ్నం దాకా తిరిగి, తీరిగ్గా కోట ఎక్కుదామనుకున్నవాళ్లకు చీకటీ మూసిన తలుపులూ ఒకేసారి ఎదురవుతాయి.

దారి ఎలా ఉంటుంది

బొహీమియా, అంటే పాత చెక్ రాజ్యపు రాజులు పట్టాభిషేకానికి ఊరేగింపుగా వెళ్లిన దారి ఇది. ఇక్కడ చివరి పట్టాభిషేకం 1836లో జరిగింది. పాత బజారు వీధుల మీదుగా, నది దాటి, గుట్ట ఎక్కి, కోటలోని పెద్ద చర్చి దాకా పోతుంది. మొదలు ప్రాష్నా బ్రానా, అంటే మందుగుండు బురుజు. అక్కడి నుంచి త్సెలెట్నా వీధి, పాతనగర కూడలి, కార్లొవా వీధి, చార్లెస్ వంతెన, నది అవతల కోట కిందున్న పాతపేట మాలా స్ట్రానా, నెరుడొవా వీధి, చివర కోట. కోట దాకా రెండున్నర కిలోమీటర్లు. కోటలో తిరగడం, ఆపైన పొహోర్జెలెత్స్ ట్రామ్ స్టాపు వరకు నడవడం కలుపుకుంటే ఐదు కిలోమీటర్లు. నది ఒడ్డు నుంచి కోటకు ఎక్కాల్సిన ఎత్తు సుమారు 70 మీటర్లు.

చాలామంది దీన్ని తిరగేస్తారు. 22వ నంబరు ట్రామ్‌లో పైకి వెళ్లి, కోట చూసి, నడుచుకుంటూ కిందికి దిగుతారు. ఎండాకాలంలో అది తెలివైన పని. చలికాలంలో మాత్రం వద్దు. తడిరాయి మీద ఎక్కేటప్పుడు ఒంటి బరువు కాలి ముందుభాగం మీద పడుతుంది, జారినా చేతులు ఆనుతాయి. దిగేటప్పుడు ముందుగా మడమ ఆనుతుంది. అది జారిందా, వెల్లకిలా పడి నడుమో మణికట్టో విరుగుతుంది. కాబట్టి ఎక్కడం కాళ్లతో, దిగడం ట్రామ్‌తో.

ఏ రోజు, ఎన్ని గంటలకు

క్రిస్మస్ సంతలు నవంబరు చివర్లో మొదలై జనవరి 6 దాకా నడుస్తాయి. దీపాలు, పెద్ద చెట్టు, దాల్చినచెక్క వాసన చూడాలంటే ఆ రోజుల్లోనే రావాలి. కానీ శని ఆదివారాల్లో కూడలిలో భుజం భుజం రాసుకుంటూ నడవాలి, కింద చూసుకునే వీలే ఉండదు. ఊరిని ఊరిగా చూడాలనుకునేవాళ్లకు మా సలహా జనవరి రెండోవారం నుంచి ఫిబ్రవరి చివరి వరకు. జనవరి నెలాఖరుకే సాయంత్రం యాభై నిమిషాల పొద్దు కలిసొస్తుంది, గదుల అద్దె తగ్గుతుంది, వంతెన మీద నిలబడటానికి చోటు దొరుకుతుంది.

డిసెంబరు 24 మాత్రం తప్పించుకోండి. చెక్ ప్రజలకు అసలు పండగ ఆ రోజే. మధ్యాహ్నం నుంచి పెద్ద దుకాణాలు మూసేస్తారు, సాయంత్రం ట్రామ్‌లు పలచబడతాయి, తినడానికి చోటు దొరకడం కష్టం. ఆ ముందు మూడు నాలుగు రోజులు వీధి మూలల్లో నీళ్ల తొట్లలో బతికున్న కార్ప్ చేపలు అమ్ముతుంటారు. అక్కడికక్కడే కోసిస్తారు కూడా. పిల్లలు వెంట ఉంటే ముందే తెలిసి ఉండటం మంచిది.

జర్మనీలో చదువుకునే తెలుగు పిల్లలు చాలామంది డ్రెస్డెన్ మీదుగా రైల్లో వస్తారు. డ్రెస్డెన్ నుంచి రెండున్నర గంటలలోపే. పొద్దున్నే బయలుదేరి సాయంత్రం తిరిగి వెళ్లిపోదామన్న లెక్క జూన్‌లో కుదురుతుంది. జనవరిలో పదిన్నరకు రైలు దిగితే మిగిలేది ఐదారు గంటల వెలుగే. ముందురోజు రాత్రికే చేరుకుని, ఉదయం 8.15కు బురుజు దగ్గర నిలబడండి. ప్రధాన రైల్వేస్టేషన్ నుంచి బురుజుకు నడిస్తే పది పన్నెండు నిమిషాలు. మెట్రోలో అయితే బి లైన్‌లో నామ్యెస్టీ రెపుబ్లికీ స్టేషన్‌లో దిగాలి.

ఒంటికి

జనవరి పగలు సాధారణంగా సున్నాకు అటూ ఇటూ రెండు మూడు డిగ్రీలు, రాత్రి మైనస్ 5 దాకా. అప్పుడప్పుడు మైనస్ 10 కూడా చూస్తారు. లంబసింగి తెల్లవారుజామును తలచుకుంటే చలి తీవ్రత కొంత ఊహకు అందుతుంది. తేడా ఏమిటంటే అక్కడ తొమ్మిదింటికి ఎండ కాస్తుంది, ఇక్కడ రోజంతా అదే చలి. దానికి గాలి తోడవుతుంది. మైనస్ 3 డిగ్రీల దగ్గర గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి తెలిసేది మైనస్ 9. వంతెన మీద ఆ గాలి తరచూ ఉంటుంది.

ఒక్క లావుపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు, ఎందుకంటే గంటకోసారి 22 డిగ్రీల వెచ్చని గదుల్లోకి వెళ్లి వస్తుంటారు. ఒంటికి ఆనుకుని సన్నని ఉన్ని బనియనో సింథటిక్ థర్మలో వేసుకోండి. నూలు బనియన్ వద్దు. నెరుడొవా ఎక్కేటప్పుడు పట్టిన చెమటను నూలు పీల్చుకుని వదలదు, పైకెళ్లి ఆగగానే ఆ తడే వణికిస్తుంది. దాని మీద స్వెట్టరో ఫ్లీసో, అన్నిటికన్నా పైన గాలి చొరబడని జాకెట్, తుంటి కిందికి వచ్చేంత పొడవుండాలి. జీన్స్ ప్యాంటు కింద థర్మల్ లేకపోతే తొడలు మొద్దుబారతాయి. చెవులు మూసే టోపీ, మెడకు చుట్టుకునే పట్టీ, ఫోను వాడటానికి వీలుగా సన్నని చేతితొడుగులు, వాటి మీద వేసుకోవడానికి ఇంకో జత.

మేజోళ్ల దగ్గర అందరూ ఒకటే పొరపాటు చేస్తారు: రెండు జతలు తొడిగి బూటులోకి పాదాన్ని దూరుస్తారు. బూటు బిగుసుకుపోతుంది, రక్తం ఆడదు, ఉన్న వెచ్చదనమూ పోతుంది. మందపాటి ఉన్ని మేజోళ్లు ఒక్క జత చాలు, లోపల వేళ్లు కదలాలి.

కాలి కింద

ప్రాగ్ పాతనగరంలో నేల ఒక్కరకంగా ఉండదు, అడుగడుగునా మారుతుంది. ఏ రాయి ఎలా జారుతుందో తెలిస్తే సగం ప్రమాదం తప్పినట్టే.

కాలిబాటల మీద కనిపించేవి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల చిన్న ఘనాలు. తెలుపు, బూడిద, ఎరుపు రంగుల్లో గళ్లుగా, చారలుగా పేర్చి ఉంటాయి. చూడముచ్చటగా ఉండే ఇవే అన్నిటికన్నా ప్రమాదం. తెల్లవి సున్నపురాయి జాతివి, నడిచి నడిచి నున్నబడి ఉంటాయి. సన్నని తడి పడితే సబ్బు రాసినట్టే. వాహనాలు నడిచే చోట్ల గ్రానైటు దిమ్మెలు ఉంటాయి. పైభాగం గుండ్రంగా ఉన్న పాతకాలపు పెద్ద రాళ్లను చెక్ వాళ్లు 'పిల్లి తలకాయలు' అంటారు. గరుకుగానే ఉంటాయి కానీ చీలమండ మెలిపడేది వాటి సందుల్లోనే. ఇక ట్రామ్ పట్టాలు, మ్యాన్‌హోల్ మూతలు, సెల్లార్ ఇనుప తలుపులు: లోహం మీద మంచు కంటికి కనిపించదు, ఎప్పుడూ వాటిని దాటి అవతల కాలు వేయండి, మీద వేయకండి.

బూటు అడుగు మెత్తని రబ్బరుతో, లోతైన గాడులతో ఉండాలి. చేత్తో వంచి చూడండి, వంగాలి. పరుగు కోసం కొన్న చౌక బూట్ల గట్టి ప్లాస్టిక్ అడుగు చలికి ఇంకా గట్టిపడి పట్టు వదిలేస్తుంది. తోలు అడుగు అసలు పనికిరాదు. బూట్లకు తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు గట్టి మంచు మీద బాగుంటాయి కానీ ఉత్త రాయి మీద అవే జారుడు బల్లలవుతాయి. సంచిలో ఉంచుకుని అవసరమైన చోట మాత్రం తొడుక్కోండి.

నడక బాతు నడకలా ఉండాలి. అడుగు చిన్నది, మోకాలు కొంచెం వంచి, పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి. చేతులు జేబుల్లో పెట్టుకోవద్దు. పడబోయినప్పుడు నిలదొక్కుకోవడానికి అవే దిక్కు.

మజిలీ 1: మందుగుండు బురుజు, ఉదయం 8.15

నల్లబడిన ఈ 65 మీటర్ల బురుజు పని 1475లో మొదలైంది. 17వ శతాబ్దంలో మందుగుండు దాచడంతో ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కనిపించే శిల్పాల్లో ఎక్కువభాగం 19వ శతాబ్దపు మరమ్మతుల్లో చేసినవి. పక్కనే ఉన్న ఒబెత్స్నీ దూమ్, అంటే పురమందిరం, 1912లో పూర్తయింది. 1918 అక్టోబరు 28న చెకొస్లొవేకియా స్వాతంత్ర్య ప్రకటన అక్కడే వెలువడింది. ఈ వేళకు లోపలికి పోవాల్సిన పని లేదు. పది నిమిషాలు చూసి, బురుజు కింది కమాను గుండా త్సెలెట్నాలోకి నడవండి.

త్సెలెట్నాలో తలెత్తి చూడాల్సింది ఎడమవైపు మూల మీదున్న నల్ల మడోన్నా ఇల్లు. 1912 నాటి క్యూబిస్టు కట్టడం, కిటికీలు కూడా కోణాలు కోణాలుగా ఉంటాయి. తల ఎత్తే ముందు నిలబడండి. నడుస్తూ పైకి చూసేవాళ్లే ఇక్కడ జారేది.

మజిలీ 2: గడియారం, ఉదయం 9

పాతనగర కూడలికి తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు చేరండి. 1410 నాటి ఖగోళ గడియారంలో అపొస్తలుల, అంటే ఏసు శిష్యుల బొమ్మలు రోజూ ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు గంటగంటకూ కదులుతాయి. మొదటి ఆటకు జనం తక్కువ. ఆట ఒక్క నిమిషంలో అయిపోతుంది: అస్థిపంజరం గంట తాడు లాగుతుంది, పైన కిటికీల్లో పన్నెండుమంది సాగిపోతారు, చివర కోడి కూస్తుంది. జనమంతా వెళ్లిపోతారు. అసలు చూడాల్సింది అప్పుడు మొదలవుతుంది.

చివర బంగారు చెయ్యి ఉన్న పొడవాటి ముల్లును పట్టుకోండి. అది రోమన్ అంకెల వలయంలో మామూలు టైమ్ చూపిస్తుంది. చలికాలంలో ఆ టైమ్ మీ చేతిగడియారంతో సరిపోతుంది. ఎండాకాలంలో దేశమంతా గడియారాలను గంట ముందుకు జరుపుకున్నప్పుడు ఇది జరగదు, గంట వెనకే ఉంటుంది. అంటే గడియారం చలికాలంలోనే అందరితో కలిసి నడుస్తుంది.

ఇప్పుడు అదే బంగారు చెయ్యి అన్నిటికన్నా బయటి నల్లని వలయంలో ఏ అంకె మీద ఉందో చూడండి. పాత లిపిలో 1 నుంచి 24 దాకా బంగారు అంకెలుంటాయి. అది పాత చెక్ కాలం, సూర్యాస్తమయం నుంచి సూర్యాస్తమయానికి లెక్క. నిన్న పొద్దుగూకి ఎన్ని గంటలైందో ఆ అంకె చెబుతుంది. 24లోంచి దాన్ని తీసేస్తే ఇవాళ పొద్దుగూకడానికి ఎన్ని గంటలున్నాయో తెలుస్తుంది. డిసెంబరు చివర్లో ఉదయం 9కి చెయ్యి 17 దగ్గర ఉంటుంది. మిగిలింది 7 గంటలు. రోజురోజుకూ సూర్యాస్తమయం మారుతుంటే ఆ వలయమూ జరుగుతుంటుంది. చలికాలపు బాటసారికి కావాల్సిన లెక్కను ఆరువందల ఏళ్ల కిందటివాళ్లు గోడ మీద పెట్టి వెళ్లారు. అక్కడే నిలబడి మీ రోజు లెక్క వేసుకోండి: మిగిలిన గంటల్లో చివరి మూడు కోటకు ఇవ్వాలి.

ఈ గడియారం చేసిన హనుష్ అనే ఆయన ఇంకెక్కడా ఇలాంటిది చేయకుండా కళ్లు పొడిపించారన్న కథ చెబుతారు. కథే. చేసింది కదాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు.

టౌన్‌హాల్ తూర్పు గోడ కింద నేలలో 27 తెల్ల శిలువలు పొదిగి ఉంటాయి. 1621 జూన్ 21న ఇక్కడ 27 మంది తిరుగుబాటు నాయకులను చంపారు: 24 మంది తలలు తీశారు, ముగ్గురిని ఉరి వేశారు. శిలువల చుట్టూ నున్నని చిన్నరాళ్లే కాబట్టి నెమ్మదిగా నడవండి. కూడలి మధ్యలో మతసంస్కర్త యాన్ హుస్ విగ్రహసమూహం. ఆయన్ని సజీవదహనం చేసిన 500 ఏళ్లకు, 1915లో పెట్టారు. ఎదురుగా రెండు శిఖరాల టీన్ చర్చిలో ఖగోళశాస్త్రవేత్త టైకో బ్రాహే సమాధి ఉంది. చర్చి ముందు ఇళ్లు అడ్డంగా ఉంటాయి, కమానుల కిందున్న నడవలోంచి లోపలికి పోవాలి. తలుపు తీసి ఉంచే గంటలు తక్కువ. మూసి ఉంటే ఆగవద్దు.

సంత ఉన్న రోజుల్లో ఒక మోసం తెలుసుకోవాలి. నిప్పుల మీద కాల్చే పంది తొడ మాంసానికి బోర్డు మీద రాసిన ధర 100 గ్రాములకు. అమ్మేవాళ్లు అడక్కుండానే మూడొందలు నాలుగొందల గ్రాముల ముక్క కోసి తూస్తారు. తినేవాళ్లు ముందే ఎన్ని గ్రాములో చెప్పండి. చక్కెర అద్దిన గొట్టంలాంటి ట్రడెల్నీక్‌ను 'ప్రాచీన చెక్ వంటకం' అని అమ్ముతారు. ప్రాగ్‌కు అది ఈమధ్య వచ్చింది, కాకపోతే వేడిగా ఉన్నప్పుడు బాగుంటుంది. వేడి ద్రాక్షసారాయి స్వర్జాక్ తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది కానీ అది చర్మానికి రక్తం తెచ్చి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. నడక అయ్యాక తాగండి. పిల్లలకు మద్యం లేనిది కావాలంటే 'డ్యెట్స్కీ పున్చ్' అని అడగాలి.

పదింటికి ఎక్కడైనా వెచ్చగా కూర్చోండి, ఇరవై నిమిషాలు చాలు. చలిలో ఒళ్లు ముందుగా వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. వేళ్లు మొద్దుబారాక వెచ్చబడటానికి చాలాసేపు పడుతుంది, అంతకుముందే లోపలికి వెళితే త్వరగా తేలిపోతుంది. గంటన్నరకు మించి బయట ఉండకపోవడమే లెక్క.

మజిలీ 3: కార్లొవా, లేదా పక్కదారి

కార్లొవా వీధి వంకర్లు తిరిగిన ఇరుకుసందు, రెండువైపులా బొమ్మల దుకాణాలు. గాలి వీచే రోజున, జనం కిక్కిరిసిన రోజున దాన్ని వదిలి మారియాన్స్కే కూడలి వైపు నుంచి క్లెమెంటీనుమ్ ప్రాంగణాల గుండా వెళ్లండి. జెసూట్ అనే క్రైస్తవ సన్యాసుల పాత కళాశాల అది. పగటిపూట ముంగిళ్లు దాటి అవతల వంతెన ముందుకే తేలతారు. నాలుగువైపులా భవనాలు గాలిని ఆపుతాయి. 1775 నుంచి రోజూ ఉష్ణోగ్రత రాసిపెడుతున్న చోటు ఇదే.

కార్లొవాలోనే వెళితే 4వ నంబరు ఇల్లు చూడండి. గ్రహాలు దీర్ఘవృత్తంలో తిరుగుతాయని తేల్చిన కెప్లర్ అక్కడ ఉండేవాడు. ఒక చలికాలం వంతెన దాటుతుంటే, స్నేహితుడికి కొత్తసంవత్సరం కానుకగా ఏమివ్వాలా అనుకుంటున్న ఆయన కోటు మీద మంచురేకులు పడ్డాయి. అన్నిటికీ ఆరే కోణాలు ఎందుకని మొదలుపెట్టి 1611లో చిన్న పుస్తకం రాశాడు. మంచు పడుతున్న రోజు మీకు దొరికితే, నల్ల చేతితొడుగు మీద ఒక రేకును పట్టి చూడండి. ఊపిరి తగలనివ్వకండి.

మజిలీ 4: వంతెన, ఉదయం 11

516 మీటర్ల పొడవు, దాదాపు 10 మీటర్ల వెడల్పు, 16 కమానులు, 30 విగ్రహాలు. రాజు నాలుగో చార్లెస్ 1357లో పునాది వేయించాడు. ఆగకుండా నడిస్తే ఏడెనిమిది నిమిషాలు, చూస్తూ నడిస్తే ముప్పావుగంట. ఎక్కేముందే టోపీ చెవుల మీదికి లాక్కుని, మెడపట్టీ ముక్కు దాకా తెచ్చుకోండి. మధ్యలో ఆ పని చేయాలంటే చేతితొడుగులు తీయాలి, వేళ్లు పోతాయి.

పదకొండింటికి సూర్యుడు మీ ఎడమచేతివైపు, తక్కువ ఎత్తులో ఉంటాడు. కోటవైపు నడుస్తుంటే కుడివైపు విగ్రహాల ముఖాల మీద వెలుగు పడుతుంది, ఎడమవైపువి నల్లని ఆకారాల్లా కనిపిస్తాయి. కాబట్టి ఫొటోలకు కుడివైపు. 1683లో పెట్టిన కంచు విగ్రహం, సెయింట్ యాన్ నెపొముక్ కూడా అటే ఉంటాడు, వంతెన మీద విగ్రహాల్లో పాతది. 1393లో ఆయన్ని నదిలోకి తోసి చంపారు. కింది ఫలకాలను తాకి తాకి జనం బంగారంలా మెరిపించారు. రాతి విగ్రహాల్లో చాలావరకు నకళ్లు, అసలువాటిని ఎండావానలకు దూరంగా లోపల దాచారు.

పొగమంచు పట్టిన రోజున కోట అసలు కనిపించదు. చల్లనిగాలి నదిలోయలో దిగబడి పైన వెచ్చనిగాలి మూతలా కూర్చుంటే ఇలా రోజుల తరబడి ఉంటుంది. దిగులుపడవద్దు. వంతెనకు అంతకన్నా మంచి రోజు లేదు. అవతలి ఒడ్డు మాయమై, విగ్రహాలు ఒక్కొక్కటిగా ఎదురొస్తాయి. డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు వచ్చే అడ్వెంట్ రోజుల్లో సాయంత్రం నాలుగు ప్రాంతంలో పాతకాలపు దుస్తుల్లో ఒకాయన వంతెన మీది గ్యాస్‌దీపాలను పొడవాటి కర్రతో వెలిగిస్తాడు. దానికోసం వేరే రోజు సాయంత్రం రండి, ఈ నడకలో కలపవద్దు.

ఫోను లోపలి జేబులో, ఒంటికి తగిలేలా ఉంచండి. చలికి బ్యాటరీ లోపలి రసాయనచర్య మందగించి 40 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది. వెచ్చబడితే మళ్లీ వస్తుంది. పవర్‌బ్యాంకుకూ అంతే. కెమెరా ఉన్నవాళ్లు వెచ్చని గదిలోకి వెళ్లేముందే జిప్ సంచిలో పెట్టి మూసి, అరగంట తర్వాత తీయాలి. లేకపోతే లెన్సు మీదే కాదు, లోపలా తేమ పట్టేస్తుంది.

మజిలీ 5: మాలా స్ట్రానాలో వేడి సూప్

వంతెన దిగి మొస్టెట్స్కా వీధిలో నేరుగా వెళితే మాలొస్ట్రాన్స్కే కూడలి, మధ్యలో ఆకుపచ్చ గుమ్మటపు సెయింట్ నికొలస్ చర్చి. కమానుల కింద నడిస్తే పైన మంచు, కింద తడి రెండూ తప్పుతాయి. పన్నెండింటికల్లా తినేయండి. ఆ తర్వాత తిందామంటే కోట గంటలు తగ్గుతాయి.

శాకాహారులకు మాటలు ముఖ్యం. బంగాళదుంప, పుట్టగొడుగుల సూప్ బ్రంబొరాచ్కా, వెల్లుల్లి సూప్ చెస్నెచ్కా వినడానికి శాకాహారమే. చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతోనో, పంది కొవ్వు ముక్కలు వేసో చేస్తారు. 'బెజ్ మసా' అంటే మాంసం లేకుండా అని. అది చాలదు, 'బెజ్ షుంకి, బెజ్ స్లనిని' అని కూడా చెప్పండి, హామూ బేకనూ వద్దని. గొడ్డుమాంసం 'హొవ్యెజీ', పంది 'వెప్ర్షొవే'. రొట్టెపొడిలో ముంచి వేయించిన ఛీజ్ ముక్క, స్మజెనీ సీర్, ఎక్కడైనా దొరుకుతుంది, కడుపు నింపుతుంది. క్నెడ్లీకీ ముక్కలు మన ఇడ్లీలా మెత్తగా ఉంటాయి కానీ వాటి మీద పోసే పులుసు మాంసానిదే.

డబ్బు యూరో కాదు, కొరునా. విమానాశ్రయంలోనూ పర్యాటక వీధుల్లోనూ ఒంటరిగా నిలబెట్టిన ఏటీఎంలకు బదులు బ్యాంకు గోడకున్నదాన్నే వాడండి. మీ సొంత కరెన్సీలోకి మార్చి చూపిస్తామంటే వద్దని నొక్కండి, ఆ మార్పిడి ధర ఎప్పుడూ నష్టమే. మార్పిడి దుకాణంలో రేటు దారుణమని తర్వాత తెలిస్తే, 1000 యూరోల లోపు మొత్తాన్ని 3 గంటల్లో రసీదుతో వెనక్కి ఇవ్వమని అడిగే హక్కు 2019 నుంచి చట్టంలో ఉంది. టాయిలెట్లకు చిల్లర నాణేలు ఉంచుకోండి.

మజిలీ 6: నెరుడొవా ఎక్కడం, 12.45

ఈ నడకలో కష్టమంతా ఈ నాలుగొందల మీటర్లలోనే. జాకెట్ జిప్పు సగం దించి ఎక్కండి, చెమట పట్టకూడదు. పైకి చేరగానే మళ్లీ బిగించండి. మంచు ఉంటే వీధి మధ్యలో కాకుండా గోడవైపు నడవండి.

ఆగి ఊపిరి పీల్చుకోవడానికి సాకులు బోలెడు. ప్రతి ఇంటికీ రెండు నంబరు పలకలు కనిపిస్తాయి: ఎర్రది పేటలో ఇంటి వరుస నంబరు, నీలిది వీధిలో నంబరు. చిరునామా వెతికేటప్పుడు నీలిదే చూడాలి. 1770లో నంబర్లు రాకముందు ఇళ్లను గుర్తులతోనే పిలిచేవాళ్లు. 12వ నంబరు మీద మూడు వయొలిన్లు, 47వ దాని మీద ఇద్దరు సూర్యులు. ఈ రెండోదాంట్లోనే రచయిత యాన్ నెరుడా ఉండేవాడు, వీధికి ఆయన పేరే.

పైన వీధి చీలుతుంది. కుడివైపు వెనక్కి తిరిగే వాలుదారి కె హ్రడు, అదే పట్టుకోండి. నేరుగా కనిపించే మెట్లు పొడిగా ఉన్న రోజుకే.

మజిలీ 7: కోట, 1.15 నుంచి 3.30

ద్వారం దగ్గర సంచుల తనిఖీ ఉంటుంది. ముంగిళ్లలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, భవనాల్లోకే కావాలి. వరుస మా లెక్కలో ఇదీ: ముందు సెయింట్ వీటస్ చర్చి, తర్వాత పాత రాజభవనం, సెయింట్ జార్జ్ చర్చి, చివర బంగారు సందు.

చర్చి ముందెందుకంటే, వెలుగు కోసం. 1344లో మొదలై 1929లో పూర్తయిన ఈ కట్టడంలో రంగుటద్దాలే ప్రాణం. మధ్యాహ్నం ఒకటి రెండు మధ్య ఎండ ఉంటే దక్షిణపు కిటికీల్లోంచి వాలుగా పడి, ఎదుటి స్తంభాల మీద రంగులు అద్దుతుంది. ఎండాకాలపు నిటారు సూర్యుడు ఇంత లోపలికి రాడు. మూడు దాటితే ఆ రంగు చల్లారిపోతుంది. లోపల వెచ్చగా ఉంటుందనుకోవద్దు, రాతి చలి బయటికన్నా తక్కువేమీ కాదు. ఆదివారం ఉదయం ప్రార్థనలు ఉంటాయి, సందర్శకులను మధ్యాహ్నం నుంచే పంపుతారు.

రాజభవనంలోని వ్లాదిస్లావ్ మందిరం 62 మీటర్ల పొడవు. గుర్రాల మీద రౌతులు లోపలికి రావడానికి వేరే మెట్లున్నాయి, లోపలే పోటీలు జరిగేవి. పక్కగదిలోని కిటికీలోంచే 1618 మే 23న రాజు ప్రతినిధులను బయటికి విసిరేశారు, ఐరోపాలో ముప్ఫై ఏళ్ల యుద్ధం అక్కడే రాజుకుంది. బంగారు సందులో 22వ నంబరు నీలిరంగు గుడిసెంత ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 17 ప్రాంతంలో రాసుకునేవాడు. దక్షిణపు తోటలు చలికాలం మూసేస్తారు, వాటిని పథకంలో పెట్టుకోవద్దు.

బంగారు సందు చివర నుంచి కిందికి పోయే పాత కోటమెట్లు ఆకర్షిస్తాయి, మెట్రో కూడా కిందే ఉంది. తడిగా ఉంటే దిగవద్దు. వెనక్కి తిరిగి హ్రడ్చాన్స్కే కూడలికి రండి.

మూడున్నరకు కోట బయట మూలగోడ దగ్గర నిలబడితే కింద ఎర్రకప్పులు, పొగగొట్టాలు, నది. సూర్యుడు మీ వీపు వెనక దిగుతుంటాడు, ఊరి ముఖం మీద చివరి వెలుగు. అక్కడి నుంచి లొరెటాన్స్కా వీధిలో ఏడెనిమిది వందల మీటర్లు నడిస్తే పొహోర్జెలెత్స్. దారిలో లొరెటా చర్చి గోపురంలోని 27 గంటలు గంటగంటకూ పాట వాయిస్తాయి, నాలుగింటి పాట అందుకోవచ్చు. 22వ ట్రామ్ ఎక్కి కిందికి. కాగితం టికెట్‌ను ఎక్కగానే పసుపు యంత్రంలో ఒక్కసారి గుద్దాలి. గుద్దని టికెట్ లేని టికెట్‌తో సమానం, జరిమానా పడుతుంది.

నేల అద్దమైన రోజు

గడ్డకట్టిన నేల మీద సన్నని వాన పడితే పారదర్శకమైన పొర పేరుకుంటుంది. చెక్ భాషలో లెడొవ్కా. 2014 డిసెంబరు మొదట్లో ఇది తీగల మీద పేరుకుని ప్రాగ్ ట్రామ్‌లన్నీ ఆగిపోయాయి. ఉదయం కిటికీలోంచి చూసి, జనం గోడలు పట్టుకు నడుస్తుంటే ఈ నడక మానండి. మెట్రో మాత్రం నడుస్తుంది. ఒబెత్స్నీ దూమ్ లోపలి సందర్శన, క్లెమెంటీనుమ్ గ్రంథాలయ మందిరం, కూడలి కమానులు, ఇవి ఒకదానికొకటి దగ్గర. కోట రేపటికి. ఎవరైనా పడి లేవలేకపోతే లాగి లేపకండి, కింద ఏదైనా పరిచి, కప్పి, 112కు గానీ 155కు గానీ ఫోన్ చేయండి.

రాత్రి గదిలో

బూట్ల అడుగుపలక బయటికి తీయండి. లోపల పాత పేపర్లు ఉండలు చుట్టి కూరండి, గంట తర్వాత తడిసినవాటిని మార్చండి. రేడియేటర్‌కు ఆనించి పెడితే జిగురు వదిలి, తోలు బీటలిస్తుంది. మీటరు దూరంలో పక్కకు వాల్చి పెట్టండి. తోలు మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటే, రెండుపాళ్ల నీళ్లలో ఒకపాలు వెనిగర్ కలిపి గుడ్డతో అద్ది తుడవండి. రేపు ఉదయానికి మళ్లీ అవే బూట్లు.